ఫ్లెక్సీలు వేసేవాడు చూసే బూతు కామెడీలు

ముందే చెప్పేస్తున్నా, నేను సినిమా క్రిటిక్ ని కాదు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాడిని. విజయవాడ గవర్నర్‌పేటలో షాపు. పగలంతా ఫోటోషాపు, కోరెల్ డ్రా, రాత్రి మిషన్ మీద రోల్ ఎక్కించి ప్రింట్ వదిలాక అది అయ్యేదాకా అక్కడే పడుండాలి, ఎందుకంటే మధ్యలో ఇంక్ ఆగినా రోల్ పక్కకి లాగినా మెటీరియల్ అంతా వేస్టు. ఆ టైంలో నేను చేసే ఘనకార్యం ఏంటంటే ఫోన్లో సినిమాలు చూడటం. అవి కూడా అవార్డు సినిమాలేం కాదు, చెత్త కామెడీలు. పిత్తు జోకులు, ప్యాంటు జారిపోయే జోకులు, ఇంట్లో టీవీలో పెడితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే టైపు.

మా ఓనర్ బాబాయ్ (సొంత బాబాయ్ కాదు, షాపులో అందరం అలానే పిలుస్తాం) ఓ రాత్రి వెనకనించి చూసి "ఏంట్రా ఈ దరిద్రం, బుద్ధుందా నీకు" అన్నాడు. అప్పుడు నడుస్తున్నది ద డిక్టేటర్, 2012లో వచ్చింది, శాషా బారన్ కోహెన్ ది. "ఇది రాజకీయ సినిమా బాబాయ్" అన్నా. ఆయన స్క్రీన్ వైపు చూసాడు, ఖర్మ కొద్దీ సరిగ్గా అప్పుడే అందులో చెప్పుకోలేని సీన్ ఒకటి నడుస్తోంది, తర్వాత నా మొహం వైపు చూసాడు, ఏమీ అనకుండా షట్టర్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయనకి చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

డిక్టేటర్ లో వాడియా అని ఒక లేని దేశం, దానికి అలాదీన్ అని ఒక నియంత. వీడు తన దేశ భాషలో బోలెడు మాటలు పీకేసి వాటి ప్లేసులో తన పేరే పెట్టేస్తాడు. పాజిటివ్ అన్నా అలాదీనే, నెగెటివ్ అన్నా అలాదీనే. దాంతో డాక్టర్ దగ్గరికి రిపోర్టు కోసం వచ్చిన పేషెంటుకి "మీది హెచ్ఐవీ అలాదీన్" అని చెప్తారు, వాడు నవ్వాలో ఏడవాలో తెలీక మొహం అటూ ఇటూ మారుస్తుంటాడు. అంతే సీను. అమెరికా వాళ్ళకి అది సిల్లీ జోకు అయ్యుంటుంది, బెజవాడలో బోర్డులు ప్రింట్ చేసేవాడికి మాత్రం అది డాక్యుమెంటరీ. మా దగ్గర ప్రభుత్వం మారిందంటే ముందు మారేది పథకం పేరు. చంద్రన్న ఉన్నచోట జగనన్న, వైఎస్సార్ ఉన్నచోట ఎన్టీఆర్, మళ్ళీ రివర్స్. అన్న క్యాంటీన్లు 2018లో తెరిచారు, 2019లో మూసారు, 2024లో మళ్ళీ తెరిచారు. మన ఊళ్ళోనే ఉన్న హెల్త్ యూనివర్సిటీ ఎన్టీఆర్ పేరు మీద ఉండేది, 2022లో అసెంబ్లీలో బిల్లు పెట్టి వైఎస్సార్ అని మార్చారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ చేసారు. అందులో చదివినవాళ్ళ సంగతి ఆలోచించండి, అన్నకి ఒక పేరుతో డిగ్రీ, చెల్లికి ఇంకో పేరుతో డిగ్రీ, కాలేజీ అదే. మా అమ్మమ్మ బ్యాంకు మెసేజ్ చూపించి "ఈసారి పడింది ఏ అన్న డబ్బులురా అబ్బాయ్" అని అడుగుతుంది. ఆవిడ జోకు వెయ్యట్లేదు, నిజంగానే అడుగుతోంది.

అదిగో అక్కడ నాకు లైట్ వెలిగింది. ఆ సినిమాలో తొంభై శాతం రోత. కానీ ఆ పది శాతం ఉంది చూసారూ, అది ఏ సీరియస్ సినిమాలోనూ నాకు దొరకలేదు. మన సీరియస్ పొలిటికల్ సినిమాలు ఎలా ఉంటాయో తెలుసుగా, హీరో అసెంబ్లీలో నిలబడి పావుగంట లెక్చర్ ఇస్తాడు, వెనకాల మ్యూజిక్, మనం చప్పట్లు కొట్టి బయటికొచ్చి బండి రాంగ్ రూట్లో తోలుకుంటూ ఇంటికి పోతాం.

ఇదేదో ఇంగ్లీషోడు కనిపెట్టిన విద్య అనుకుంటారేమో, కానే కాదు. తోలుబొమ్మలాట చూసినవాళ్ళు ఇప్పుడు తక్కువ గానీ చూసినవాళ్ళకి కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు గుర్తుంటారు. రామాయణం మాంచి రసపట్టులో ఉండగా తెర మీదకి దూరి పచ్చి బూతులు తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, మధ్యలో ఊళ్ళో జరుగుతున్న యవ్వారాలు నాలుగు కలిపేస్తారు. జనం రాముడి కోసం వచ్చినా తెల్లారిందాకా మెలకువగా కూర్చోబెట్టేది వీళ్ళే. అమెరికా వాళ్ళు 2004లో టీం అమెరికా అని మొత్తం బొమ్మలతోనే ఒక బూతు సినిమా తీసారు, అందులో ఉత్తర కొరియా పెద్దాయన కిమ్ జోంగ్ ఇల్ బొమ్మ ఒంటరిగా కూర్చుని పాట కూడా పాడుకుంటుంది, అది చూస్తే నాకు వెంటనే కేతిగాడే గుర్తొచ్చాడు.

కవి చౌడప్ప సంగతి వేరు. ఆయన పద్యాలు కాలేజీలో దొంగచాటుగా చదువుకున్న బ్యాచే మాది కూడా. అందులో ఒకచోట ఓపెన్ గా చెప్పేస్తాడు, నీతులు చెప్పొచ్చు గానీ కాస్త బూతు తగలకపోతే దొరకి నవ్వు రాదని. అప్పట్లో ఆ మాట భలే ఉందే అనుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే అందులో చిన్న మెలిక కనపడుతోంది, నవ్వేది దొర. చౌడప్ప బూతు దొర మీదకి తిరగలేదు, దొర కూర్చుని ఎంజాయ్ చెయ్యడానికి వచ్చింది. కేతిగాడి బూతు ఊరోళ్ళ కోసం, చౌడప్ప బూతు దొర కోసం. ఈ రెండు రకాలూ ఇప్పటి సినిమాల్లో కూడా ఉన్నాయి, దేంట్లో ఏది ఎక్కువుందో చూసుకోవడమే.

ఇంక మన తెలుగు కథకొద్దాం. ఈ సబ్జెక్టు మీద మాట్లాడాలంటే మన జిల్లాలు దాటి పోనక్కర్లేదసలు. ఎన్టీఆర్ ది కృష్ణా జిల్లా నిమ్మకూరు, సూపర్ స్టార్ కృష్ణది తెనాలి పక్కన బుర్రిపాలెం. ఒకాయన 1983లో ముఖ్యమంత్రి అయ్యారు, ఇంకొకాయన కాంగ్రెస్ లో చేరి 1989లో ఏలూరు ఎంపీ అయ్యారు. మధ్యలో తెర మీద సెటైర్లు మామూలుగా పడలేదు. అందరికంటే ముందుకు పోయింది 1987లో వచ్చిన మండలాధీశుడు, ఎన్టీఆర్ ని పోలిన పాత్రలో కోట శ్రీనివాసరావు, అప్పటికి ఎన్టీఆర్ సీఎం కుర్చీలోనే ఉన్నారు. ధైర్యం అంటే అదీ. తర్వాత విజయవాడ రైల్వే స్టేషన్లో ఎన్టీఆర్ అభిమానులు తన మీద పడి కొట్టారని కోట గారే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. ఆయన సొంతూరు విజయవాడ పక్కనే ఉన్న కంకిపాడు, అంటే సొంతూరి జనం చేతిలోనే దెబ్బలు తిన్నట్టు లెక్క.

ఇప్పుడు అసలు ట్విస్టు చూడండి. అదే కోట 1999లో విజయవాడ తూర్పు నుంచి ఎమ్మెల్యే అయ్యారు, బీజేపీ టికెట్ మీద, టీడీపీతో పొత్తులో. ఎన్టీఆర్ పెట్టిన పార్టీ ఓట్లు కూడా పడి, ఎన్టీఆర్ ని వెక్కిరించిన నటుడు, ఆ అభిమానులు ఉన్న ఊళ్ళోనే గెలిచాడు. ఈ కథ ఎవడైనా సినిమాగా రాసుకుని నిర్మాత దగ్గరికెళ్తే "లాజిక్ లేదమ్మా" అంటారు. మొన్న 2025 జూలైలో ఆయన పోయినప్పుడు టీవీల్లో అందరూ పిసినారి వేషం క్లిప్పులే వేసారు, అదీ గొప్పదే, కాదనను, కానీ నాకు మాత్రం ఆయన ఈ కథే పెద్దది అనిపిస్తుంది.

మరి ఎన్టీఆర్ కి సెటైర్ తెలీదా అంటే, 1977లో యమగోల చేసిందే ఆయన. యమలోకానికి పోయి యముడి భటుల చేత యూనియన్ పెట్టించి హక్కుల కోసం గోల చేయించే పాత్ర. డి.వి.నరసరాజు గారి రాత. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాదిలోనే వచ్చింది, యముడు చిత్రగుప్తుడు కలిసి ఆఫీసు నడిపే తీరు చూస్తే సచివాలయం కనపడుతుంది. అందులో బూతు పెద్దగా లేదు గానీ కాస్త మోటుతనం ఉంది, అది చాలు.

వెక్కిరిస్తే పుచ్చుకోవడం అందరి వల్లా కాదు మరి. హిందీలో కిస్సా కుర్సీ కా అని ఒక వ్యంగ్య సినిమా తీస్తే ఎమర్జెన్సీలో నెగెటివ్ తో సహా తగలబెట్టేసారు, మళ్ళీ మొదట్నించీ తీసుకోవాల్సొచ్చింది. అది అసలు బూతు సినిమా కూడా కాదు.

రామ్ గోపాల్ వర్మ గురించి రాయకపోతే బెజవాడ వాళ్ళు ఊరుకోరు. ఇక్కడ సిద్ధార్థలో ఇంజనీరింగ్ చదివిన మనిషి, ఇక్కడి కాలేజీ గొడవలు చూసే శివ తీసాడు, అందులో నాకు డౌటు లేదు, అది వేరే లెవెల్. కానీ 2019లో తీసిన అమ్మరాజ్యంలో కడప బిడ్డలు చూడండి. ముందు పెట్టిన టైటిల్ లో కులాల పేర్లుంటే అది మార్చారు, సెన్సార్, హైకోర్టు, నానా రచ్చ తర్వాత డిసెంబర్లో రిలీజయింది. మేకప్ మాత్రం ఎక్సలెంట్, అందరూ అసలు నాయకుల్ని అచ్చు గుద్దినట్టు ఉన్నారు. అంతే. పోలిక చూసి ఒకసారి నవ్వొస్తుంది, తర్వాత ఆ పోలిక మనిషి తింటుంటాడు, ఏడుస్తుంటాడు, తడబడుతుంటాడు. ఇందులో రాజకీయం ఏముంది? ఒక మనిషి తిండి మీద జోకు వేస్తే ప్రభుత్వం గురించి మనకి కొత్తగా ఏం తెలిసింది?

నిజానికి ఆయన తీసిన గొప్ప సెటైర్ సినిమాలో లేదు, రోడ్డు మీద ఉంది. అదే ఏడాది ఏప్రిల్ 28న, ఎన్టీఆర్ జీవితం మీద తీసిన ఇంకో సినిమా ఆంధ్రాలో రిలీజ్ ఆపేసారని ప్రెస్ మీట్ పెడతానంటే హోటల్లో హాలు దొరకలేదు. సరే అయితే పైపుల రోడ్డులో నడిరోడ్డు మీద పెడతా రండి అన్నాడు. పోలీసులు దార్లోనే ఆపి గన్నవరం ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళి హైదరాబాద్ పంపించేసారు. ఒక మనిషి, ఒక మైకు, దానికి అంత మంది పోలీసులు. నటులెవరూ అక్కర్లేకుండా ఆ సీను దానంతటదే పండింది.

ఇన్ని చూసాక నాకంటూ ఒక లెక్క పెట్టుకున్నా. వాట్సాప్ లెక్క అనుకోండి. ఒక సీనుని క్లిప్ కట్ చేసి ఒక పార్టీ వాళ్ళు మాత్రమే స్టేటస్ పెట్టుకుంటే అది ప్రచారం. అదే క్లిప్ ని రెండు పార్టీల వాళ్ళూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పెట్టుకుంటే, అది సెటైర్. వర్మ సినిమా క్లిప్పులు ఎవరు పెట్టుకున్నారో నేను చెప్పక్కర్లేదు, మీ గ్రూపుల్లో వెతుక్కోండి.

ఈ లెక్కలో నూటికి నూరు వచ్చే సీను ఒకటుంది, తమిళంలో. 1994లో వచ్చిన అమైది పడై, సత్యరాజ్, డైరెక్టర్ మణివణ్ణన్. అదే ఏడాది తెలుగులో మోహన్ బాబుతో ఎం.ధర్మరాజు ఎం.ఎ. అని తీసారు. సినిమా నిండా డబుల్ మీనింగులు, ఆడవాళ్ళని చూపించిన తీరు కూడా ఇప్పుడు చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది, దాన్ని నేను వెనకేసుకురాను. కానీ ఓట్ల లెక్కింపు సీను చూడండి. గుడి దగ్గర కొబ్బరి చిప్పలు ఏరుకునేవాడిని ఒక పెద్దమనిషి తెచ్చి తన డమ్మీగా ఎలక్షన్లో నిలబెడతాడు. లెక్కింపు మొదలైనప్పుడు వీడు కుర్చీ అంచున, కూర్చున్నాడా లేదా అన్నట్టు ఒదిగి ఉంటాడు. మెజారిటీ పెరిగే కొద్దీ కాస్త వెనక్కి జరుగుతాడు. ఇంకాస్త. తర్వాత కాలు మీద కాలు. గెలిచాడనేసరికి గొంతే మారిపోయి ఉంటుంది, తెచ్చి నిలబెట్టిన పెద్దమనిషికి ఏం అర్థం కావాలో అది అర్థమైపోతుంది. ఆ సీనులో ఒక్క బూతూ లేదు, ఒక్క నాయకుడి పోలికా లేదు. అందుకే ఏ రాష్ట్రంలో ఎవరు గెలిచినా ఎవడో ఒకడు దాన్ని బయటికి తీస్తూనే ఉంటాడు.

నేను ఇది సినిమాలో చూడకముందే షాపులో చూసా. ఫ్లెక్సీ మీద కింద "ఇట్లు" అని రాసి వరసగా చిన్న చిన్న తలకాయలు ఉంటాయి కదా, స్టాంపు సైజువి. ఒకాయన మొదట ఆ వరసలో చివర ఉండేవాడు, "నా బొమ్మ మరీ నలుపొచ్చింది, కాస్త తెలుపు చెయ్యి తమ్ముడూ ప్లీజ్" అనేవాడు. డివిజన్ పదవి ఏదో వచ్చింది, తల మధ్య వరసకి ఎక్కింది, ప్లీజ్ పోయింది. తర్వాత తల ఇంకా పెరిగింది, తమ్ముడూ కూడా పోయి "ఏయ్" మిగిలింది. ఇప్పుడాయన రాడు, పీఏ ఫోన్ చేసి "సార్ బొడ్డు లోపలికి నొక్కాలంట" అని చెప్తాడు. ఇంకో రహస్యం చెప్పనా, తెల్ల చొక్కాతో నమస్కారం పెడుతున్న బాడీ మా దగ్గర ఒకటే ఉంది. తలలు మారతాయి. పార్టీ మారితే కండువా రంగు మార్చడానికి హ్యూ స్లైడర్ ఒక్కసారి జరిపితే చాలు, బిల్లు కూడా వెయ్యం దానికి.

సరే మళ్ళీ సినిమాలు. అందరికంటే పెద్ద రచ్చ చేసిన బూతు కామెడీ ఏదంటే ద ఇంటర్వ్యూ. ఇద్దరు వెధవలు టీవీ ప్రోగ్రాం చేసుకునేవాళ్ళు, ఉత్తర కొరియా కిమ్ జోంగ్ ఉన్ ని ఇంటర్వ్యూ చేసే ఛాన్స్ వస్తుంది, సీఐఏ వాళ్ళొచ్చి వాణ్ణి చంపెయ్యండంటారు. 2014 నవంబర్లో సోనీ కంప్యూటర్లన్నీ హ్యాక్ అయ్యాయి, ఈమెయిళ్ళు మొత్తం బయటపడ్డాయి, థియేటర్లకి బెదిరింపులు, కంపెనీ రిలీజ్ ఆపేస్తాం అంది, చేసింది ఉత్తర కొరియానే అని ఎఫ్‌బీఐ చెప్పింది, ఒబామా అయితే సోనీ ఆపడం తప్పన్నాడు. చివరికి డిసెంబర్ 24న ఆన్‌లైన్ లో, 25న ఓ మూడొందల థియేటర్లలో వదిలారు. ఇంత కథ నడిచిన సినిమా చూస్తే సెటైర్ గా చాలా వీకు. కిమ్ ని లావుగా, అమ్మాయిల పాటలంటే పడిచచ్చేవాడిగా చూపించారు, అది మన వర్మ చేసిన పనే. అందులో నాకు నచ్చింది కొరియా భాగం కాదు, మొదటి అరగంట. ఆ టీవీ హోస్టు, సెలబ్రిటీలతో చెత్త రహస్యాలు కక్కించి బ్రేకింగ్ న్యూస్ అని ఎగిరేవాడు, వాణ్ణి చూస్తే మన చానళ్ళు కళ్ళ ముందు కదిలాయి. లైవ్ డిబేట్ లో చెప్పు లేచిన రోజు కూడా చూసినవాళ్ళం మనం, కాబట్టి ఆ అరగంట మనకి ఇంకా బాగా ఎక్కుతుంది.

బోరాట్ (2006) అందరూ పొగుడుతారు, నేనూ పొగుడుతా, సగం. వాడి బూతు ఒక వల. పిచ్చోడిలా, అనాగరికుడిలా వెళ్ళి మాట్లాడితే ఎదుటివాడు వీడు మనవాడేలే అనుకుని లోపల దాచుకున్న ద్వేషమంతా కెమెరా ముందు కక్కేస్తాడు. రాజకీయంగా అంత పదునైన పని బూతుతో ఇంకెవడూ చెయ్యలేదేమో. కజకిస్తాన్ ప్రభుత్వానికి మొదట్లో ఒళ్ళు మండింది గానీ 2020లో వాళ్ళ టూరిజం వాళ్ళే ఆ సినిమా ఊతపదాన్ని ప్రచారానికి వాడుకున్నారు, తెలివైనవాళ్ళు. కానీ మిగతా సగం ఎవరూ మాట్లాడరు. మొదట్లో కజకిస్తాన్ ఊరని చూపించేది నిజానికి రొమేనియాలో గ్లోద్ అనే పేద పల్లె. ఆ జనానికి ఏం తీస్తున్నారో సరిగ్గా చెప్పలేదని, తమని ప్రపంచం ముందు వెధవల్ని చేసారని వాళ్ళు కోర్టుకెళ్ళారు, కేసు నిలబడలేదు. కోట్లు సంపాదించిన సినిమా అది. పైవాడి మీద ఉమ్మాలని మొదలెట్టి కిందవాడి మీద ఉమ్మితే అది నాకు మింగుడుపడదు.

ఇడియోక్రసీకి (2006) కూడా నాకు ఇదే కంప్లయింటు. 2505లో జనమంతా మొద్దులైపోతారు, ప్రెసిడెంటు ఒక మాజీ రెజ్లర్, పంటలకి నీళ్ళ బదులు కూల్ డ్రింక్ లాంటిది పోస్తుంటారు, ఎందుకంటే దాన్ని అమ్మే కంపెనీదే రాజ్యం. ఆ కూల్ డ్రింక్ ముక్క బంగారం, పొలానికి ఏం కొట్టాలో పురుగుమందుల షాపువాడు చెప్తే వినే గుంటూరు జిల్లా రైతుకి అది వేరే వివరించక్కర్లేదు. స్టూడియో వాళ్ళు ఆ సినిమాని పబ్లిసిటీ కూడా లేకుండా ఏడే ఏడు ఊళ్ళలో వేసి వదిలేసారు. కానీ దాని మూల సిద్ధాంతం ఏంటంటే తెలివైనవాళ్ళు పిల్లల్ని కనలేదు, తెలివితక్కువవాళ్ళు కనేసారు, అందుకే దేశం పాడైందని. ఇది మన అపార్ట్‌మెంట్ అంకుల్స్ మాటే కదండీ, "ఈ జనానికి ఓటెందుకండీ" బ్యాచ్.

సెన్సార్ గురించి రెండు ముక్కలు. 1999లో వచ్చిన సౌత్ పార్క్ సినిమాలో ఒక బూతు సినిమా చూసి పిల్లలు బూతులు నేర్చుకున్నారని తల్లులు ఆందోళన మొదలెడితే అది పెరిగి పెరిగి కెనడా మీద యుద్ధం దాకా పోతుంది. బూతు వద్దు, చంపుకోవడం ఓకే. మన దగ్గర కూడా బీప్ మాటకే పడుతుంది, తల తెగి గాల్లో ఎగిరినా యూఏ వచ్చేస్తుంది. ఇంతకుముందు సెన్సార్ వాళ్ళతో పేచీ వస్తే అప్పీలు చేసుకోవడానికి ఒక ట్రిబ్యునల్ ఉండేది, 2021లో అదీ ఎత్తేసారు, ఇప్పుడు నిర్మాత డైరెక్టుగా హైకోర్టుకి పోవాలి. చిన్న నిర్మాత ఏం పోతాడు, ఆ సీనే రాయించడు.

అసలు బాధ ఇంకోటి ఉంది. కేతిగాడి రోజుల్లో బూతు జనం దగ్గర ఉండేది, పైవాళ్ళు గంభీరంగా ఉండేవాళ్ళు, అందుకే ఆ బూతు సూటిగా తగిలేది. ఇప్పుడు బూతు పైవాళ్ళే తీసుకెళ్ళిపోయారు. గత కొన్నేళ్ళుగా మన ప్రెస్ మీట్లలో, సభల్లో వినపడిన మాటలు ఏ కామెడీ స్కిట్టులోనూ పట్టవు, చానల్ వాళ్ళు బీప్ వేసేలోపే అది రీల్ అయిపోతుంది, కింద లక్ష లైకులు. (ఏ పార్టీ అని అడక్కండి, మా షాపుకి అన్ని పార్టీల బిల్లులూ రావాలి.) నాయకుడే కేతిగాడైపోయాక కేతిగాడు ఏం చెయ్యాలి?

ఈ ప్రశ్నకి జవాబు నాకు విచిత్రమైన చోట దొరికింది. మా తమ్ముడు నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మే ఇంగ్లీష్ చేసాడు, వాడి పుస్తకాల్లో అరిస్టోఫేనీస్ అనే గ్రీకాయన నాటకాలు ఉంటే ఒకటి పట్టుకుని చదివా, నైట్స్ అని (రాత్రులు కాదు, గుర్రపు వీరులు). క్రీస్తు పూర్వం 424లో ఏథెన్స్ లో ఆడింది. పచ్చి బూతు, మన చౌడప్ప కూడా సిగ్గుపడతాడు. అప్పటి పెద్ద నాయకుడు క్లియాన్, నోటి దూలకి ఫేమస్. వాణ్ణి ఓడించాలంటే వాడికంటే పెద్ద నోరున్నవాడు, వాడికంటే మోటువాడు కావాలని వెతికి వెతికి వీధిలో సాసేజీలు అమ్ముకునేవాణ్ణి తెస్తారు. వీళ్ళిద్దరూ ఎవరి కోసం కొట్టుకుంటారంటే డెమోస్ అనే ఒక ముసలాయన కోసం, ఆయనే ప్రజలు అన్నమాట. ఇంక మొదలవుతుంది ఉచితాల వేలం. ముసలాయనకి కూర్చోడానికి మెత్త, కాళ్ళకి చెప్పులు, ఒంటికి చొక్కా. ఒకడు కష్టపడి తెచ్చిన కుందేలు మాంసం ఇంకొకడు లాక్కుని తన చేత్తో వడ్డించేస్తాడు. అది చదివి నేను గట్టిగా నవ్వేసా, ఎందుకంటే ఆ వారమే పాత పథకానికి కొత్త పేరుతో బోర్డు ప్రింట్ వేసా.

ఆ నాటకానికి పోటీలో ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. జనం విరగబడి నవ్వారు. నవ్విన కొన్ని వారాలకే అదే జనం అదే క్లియాన్ ని సైన్యానికి జనరల్ గా ఎన్నుకున్నారు. కోట గారి కథ తిరగేసినట్టు లేదూ! నవ్వు వేరు, ఓటు వేరు అని రెండువేల నాలుగొందల ఏళ్ళ కిందటే తేలిపోయింది, కాబట్టి సినిమా వల్ల ప్రభుత్వాలు పడిపోతాయని భయపడేవాళ్ళూ, పడగొడదామని తీసేవాళ్ళూ ఇద్దరూ టైం వేస్టు చేసుకుంటున్నారు. నాకు ఆ నాటకంలో నచ్చింది వేరే. క్లియాన్ ని ఎంత తిట్టాడో ముసలాయన్నీ అంతే ఏకాడు. చెప్పులిచ్చిన చేతిని ముద్దు పెట్టుకునే ఆ ముసలాయన ప్రేక్షకుల్లో ప్రతివాడూనూ. నాయకుడు బూతు లాక్కుపోయినా ఈ పని మాత్రం వాడు చెయ్యలేడు, ఎందుకంటే వాడికి ఆ ముసలాయన ఓటు కావాలి. కేతిగాడికి అక్కర్లేదు.

నా దగ్గర ఒక కథ ఉంది, ఎవరైనా తీస్తానంటే ఫ్రీగా ఇచ్చేస్తా. ఒక డివిజన్, ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ, "ఇట్లు" వరసలో పదిహేడు తలకాయలు, పట్టేవి పదహారు. ఎవరి తల తీసెయ్యాలన్నది కథ. రాత్రంతా ప్రింటింగ్ షాపులోనే, ఒకడి వెనక ఒకడు వస్తుంటారు, మందు కొట్టి ఒకడు, పెళ్ళాంతో ఒకడు, ఆధార్ కార్డు ఫోటోతో ఒకడు, బూతులు కావలసినన్ని, కొట్టుకోవడాలు, ఒకడు మిషన్ లో కండువా ఇరుక్కుని అల్లాడతాడు, ఇంకొకడు తన తల సేఫ్ గా ఉంటే చాలని సొంత బామ్మర్ది తల తీసెయ్యమంటాడు. నాయకుడు ఎక్కడా కనపడడు, ఆయన పేరు కూడా ఎవరూ ఎత్తరు, సార్ అంటారంతే. బాబాయ్ కి చెప్తే అంతా విన్నాడు, నవ్వాడు కూడా, తర్వాత "ఆ పదిహేడోవాడు అడ్వాన్స్ ఇచ్చాడా లేదా" అని అడిగాడు. ఆ డైలాగు కూడా కలిపేసుకున్నా.